మిషన్ బడిలో ఒకటి, రెండు తరగతులు: ఒళ్లు, చెయ్యి, మాట, మనసు, భక్తి అన్నీ ఒకే దినచర్యలో ఎలా ఇమడ్చాలి?

తెల్లసుద్ద (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో, క్రైస్తవ సంఘం నడిపే బడి. గుర్తింపు ఉంది, ప్రభుత్వ సాయం లేదు. ఒకటో తరగతిలో 34 మంది, రెండులో 31. ఇంటి భాష చూస్తే సగం మందికి తెలుగు, మూడో వంతుకి ఒడియా, మిగతావాళ్లకి సవర అనే గిరిజన భాష. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం.

పిల్లవాణ్ణి మొత్తంగా చూసే చదువు కావాలని కమిటీ ఒక కాయితం పంపింది. వారానికి నీతి పాఠం రెండు పీరియడ్లు, పీటీ ఒకటి, డ్రాయింగ్ ఒకటి, నెలకో కంఠస్థ వాక్యం, ఏడాది చివర 50 మార్కుల బైబిలు పరీక్ష. ఇప్పటి దినచర్యలో పొద్దున 8:30కి మైదానంలో 25 నిమిషాల ప్రార్థన, తర్వాత 40 నిమిషాల పీరియడ్లు ఏడు. ఈ కాయితాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయాలా, మార్చమని అడగాలా? మారిస్తే ఏది ముందు? వివరంగా చెప్పగలరు.

బలపం (గుణుపురం)

మార్చమనే అడగండి టీచర్ గారూ. ఆ కాయితం పిల్లవాణ్ణి మొత్తంగా చూడటం లేదు, ముక్కలు చేసి ముక్కకో పీరియడు ఇస్తోంది. ఆరేళ్లవాడికి సోమవారం ఒళ్లు, బుధవారం చెయ్యి, శుక్రవారం మనసు ఉండవు. అన్నీ రోజూ కావాలి, కొంచెం కొంచెంగా.

ముందు పట్టుకోవాల్సింది ప్రార్థననే. పాతిక నిమిషాలు నిలబడితే పదో నిమిషం నుంచి ఒంటికాలి మీదకి వస్తారు, ముందువాడి చొక్కా లాగుతారు, టీచరు కర్ర చూపిస్తుంది. ఆ పిల్లకి ప్రార్థన అంటే కర్ర గుర్తుంటుంది. చిన్న తరగతులకి ప్రార్థన గదిలోనే, చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, పాటతో కలిపి పన్నెండు, పదిహేను నిమిషాలు చాలు. మైదానంలో అందరితో కలిసి వారానికి ఒక్కసారి.

ఆ తర్వాత 40 నిమిషాల పీరియడ్లు తీసేయండి. నేనైతే ఇలా వేస్తాను:

8:30–8:50 రావడం, చెప్పులు వరసలో పెట్టడం, చేతులు కడుక్కోవడం, నచ్చిన మూలలో ఆట
8:50–9:05 పాట, ప్రార్థన, పలకరింపు
9:05–10:05 మొదటి భాష
10:05–10:30 బయట ఆట
10:30–10:45 నీళ్లు, చిరుతిండి
10:45–11:35 లెక్కలు
11:35–12:05 ఇంగ్లీషు మూడు రోజులు, రెండో భాష రెండు రోజులు, నోటిమాటగా
12:05–12:50 అన్నం
12:50–1:10 పడుకుని కథ వినడం
1:10–1:50 చేతిపని: మట్టి, బొమ్మ, మొక్కలు, తాళం, పాట
1:50–2:00 సర్దడం, వీడ్కోలు

పొద్దున ఆ ఇరవై నిమిషాల ఆటని కమిటీ వృథా అంటుంది. ఆలస్యంగా వచ్చినవాడు తలుపు దగ్గర దోషిలా నిలబడకుండా కాపాడేది అదే. ఏ పిల్ల ఏడుపు మొహంతో వచ్చిందో, ఎవరు ఏమీ తినకుండా వచ్చారో టీచరు చూడగలిగేదీ అప్పుడే.

బరంపురం బాబాయి (బరంపురం)

కమిటీ ముందు పెట్టడానికి కాయితాలు కావాలి కదమ్మా, అవి నేను చెబుతాను.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూసింది, ఒకటి రెండు తరగతులు ఆ దశలో చివరి రెండేళ్లు. దాని మీద 2022 అక్టోబరులో పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. ఒళ్లు, మనసు–నడవడి, బుద్ధి, భాష, కళ అని విడివిడిగా చెప్పి, వాటికి చదువు అలవాట్లు జోడించి, అన్నిటినీ కలిపే నేర్పమంది. అదే 2020లో వచ్చిన బడిసంచి విధానం రెండో తరగతి దాకా ఇంటిపని వద్దంది. ఒకటి, రెండు తరగతుల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదు.

భక్తి సంగతి. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం గుర్తింపు ఉన్న బడిలో గానీ, సర్కారు డబ్బు అందుకునే బడిలో గానీ, మైనరు పిల్లల్ని మత బోధనలో, ఆరాధనలో పాల్గొనమనాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. మీకు గుర్తింపు ఉంది కాబట్టి వర్తిస్తుంది. 30వ అధికరణం మైనారిటీలకి బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది, 28(3)ని కొట్టేయలేదు. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి ట్రస్టు కేసులో మైనారిటీ బళ్లకి విద్యాహక్కు చట్టం వర్తించదంది, దాన్ని పట్టుకుని కొందరు 'మాకు ఏ నియమమూ లేదు' అనుకుంటారు. పొరపాటు. దాని పైన ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతంగా, ఆశ చూపి మతం మార్చడం నేరం, మైనర్ల విషయంలో శిక్ష ఎక్కువ.

అందుకని చేరిక ఫారంలో ఒక పేరా వేయండి. బడిలో ఏ ప్రార్థన, ఏ కథలు, ఎంతసేపు, పాల్గొనకపోతే పిల్ల ఆ టైములో ఏం చేస్తుంది. తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయాలి, చదవలేనివాళ్లకి చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. పాల్గొనని పిల్లని వరండాలో ఒంటరిగా కూర్చోబెట్టకండి, అది శిక్షలా ఉంటుంది. బొమ్మల పుస్తకాల మూల ఇవ్వండి.

పాస్టరమ్మ గారి అబ్బాయి (ఛత్రపురం)

బలపం గారి దినచర్య బాగుంది గానీ, అందులో దేవుడి వాటా పదిహేను నిమిషాలకి కుదించుకుపోయింది. లూకా 2:52లో యేసు ఎదుగుదల నాలుగు వైపులా చెప్పారు. జ్ఞానం, వయసు, దేవుని దయ, మనుషుల దయ. నాలుగింట్లో ఒకటి తగ్గిస్తే అది మొత్తం ఎలా అవుతుంది? వాక్యం కంఠతా చిన్నప్పుడే పట్టాలి. సండే స్కూల్లో, వేసవి సెలవుల్లో పెట్టే బైబిలు బడి వీబీఎస్‌లో యాక్షన్ సాంగులతో నేర్పితే పిల్లలు పదిరోజుల్లో పది వాక్యాలు అప్పజెప్తారు.

నాగావళి (రాయగడ)

మాది ట్రస్టు బడి, శ్లోకాల వైపు. ఇదే తగువు మా దగ్గరా ఉంది కాబట్టి మాట కలుపుతున్నాను. బాబాయి గారు చెప్పిన చట్రంలో తైత్తిరీయ ఉపనిషత్తులోని పంచకోశాల ఊసు ఉంది, అంటే అన్నమయం (ఒళ్లు) మొదలుకుని ఆనందమయం దాకా మనిషికి అయిదు పొరలు. దాన్ని చూపించి మా కమిటీ వాళ్లు శ్లోకాలు పెంచమన్నారు, ఇక్కడ తమ్ముడు లూకా చూపించి వాక్యాలు పెంచమంటున్నాడు. అన్నమయం దగ్గర ఆగి చూస్తే, అసలు పిల్ల పొద్దున అన్నం తిని వచ్చిందా అన్నది ముందు ప్రశ్న!

కంఠతా తప్పు కాదు. ఆరేళ్ల చెవి పాటని ఇట్టే పట్టేస్తుంది. కానీ అర్థం, చేత, రెండూ జతపడాలి. నెలకొకటి చాలు. మొదటి వారం వినడం, రెండో వారం చేతి సైగలతో, మూడో వారం దానికి తగిన పని, నాలుగో వారం ఇంట్లో ఎవరికైనా చెప్పి రావడం. పంచుకోవడం మీద వాక్యమైతే, ఆ వారం చిరుతిండి పళ్లెం నుంచి పక్కవాడికి పెట్టాకే తినడం అన్నమాట. వీబీఎస్‌లో పది రోజులే కాబట్టి ఊపు నిలుస్తుంది. బడి ఏడాదంతా ఉంటుంది, ఆ ఊపు ఆగస్టు దాకా కూడా రాదు.

పరీక్ష మాత్రం తీసేయించండి. భక్తికి మార్కులు వేస్తే ఇల్లు పూర్తిగా వేరే మతంలో ఉన్న పిల్లకి సున్నా, పాస్టరు గారి పిల్లకి నూటికి నూరు. ఆ మార్కు ఎవరి గురించి చెబుతోంది?

పాస్టరమ్మ గారి అబ్బాయి (ఛత్రపురం)

మార్కుల సంగతి ఒప్పుకుంటాను నాగావళి గారూ. సంఖ్య తగ్గించడం దగ్గర ఇంకా మనసు ఒప్పడం లేదు. పోనీ, కథల మాటేమిటి? ఏ కథలు చెప్పొచ్చు?

బలపం (గుణుపురం)

తమ్ముడూ, పదిహేను నిమిషాలు ప్రార్థనకి. భక్తి మిగతా రోజంతా ఉంటుంది, అన్నం ముందు కృతజ్ఞతలో, దెబ్బ తగిలినవాడికి నీళ్లు తెచ్చివ్వడంలో.

కథల విషయం వివరంగానే రాస్తాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లకి కథలో ఎవరు ప్రమాదంలో ఉన్నారు, ఎవరు కాపాడారు అన్నదే అందుతుంది. అబ్రాహాము కొడుకుని బలి ఇవ్వబోయిన కథ విన్న పిల్ల విశ్వాసం గురించి ఆలోచించదు, 'మా నాన్న కూడా అలా చేస్తాడా' అనుకుంటుంది. సిలువ దృశ్యాన్ని రక్తంతో సహా వర్ణించడం, నరకం బొమ్మలు, ఫరో దేశంలో తొలిచూలు పిల్లల చావు, ఇవన్నీ పెద్ద తరగతులకి వాయిదా వేయండి. మట్టల ఆదివారం నుంచి ఈస్టరు దాకా చెప్పాల్సి వస్తే ఊరేగింపు, కలిసి తిన్న భోజనం, స్నేహితుల ఏడుపు, పొద్దున్నే ఖాళీగా ఉన్న సమాధి, ఈ నాలుగే చాలు.

పనికొచ్చేవి: తప్పిపోయిన గొర్రె, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న సమరయుడు, అయిదు రొట్టెలూ రెండు చేపలూ ఇచ్చిన అబ్బాయి, చెట్టెక్కిన జక్కయ్య, నోవహు ఓడ. చెప్పే తీరు కూడా ముఖ్యం. కథ ఏడెనిమిది నిమిషాలు, పుస్తకం మూసి, మొహం చూస్తూ. అదే కథ వారమంతా. సోమవారం వినడం, మంగళవారం వస్తువులతో (గుడ్డ, గులకరాళ్లు, కొమ్మ), బుధవారం పిల్లలే ఆడటం, గురువారం బొమ్మ, శుక్రవారం వాళ్లు తిరిగి చెప్పడం. చివర 'దీని వల్ల మనకి తెలిసిన నీతి ఏమిటి' అని అడగకండి. అడిగితే ముప్ఫై నాలుగు మందీ 'అబద్ధం చెప్పకూడదు టీచర్' అంటారు, కథ ఏదైనా సరే. 'నీకు ఏ చోట భయం వేసింది? నువ్వు అక్కడుంటే ఏం చేసేవాడివి?' అని అడగండి.

ఇంకొకటి. 'దేవుడు చూస్తున్నాడు, కళ్లు పోతాయి' అనే మాట ఆయాల నోటి నుంచి కూడా రాకుండా చూడాలి. ఆ మాటతో గది ఆ పూటకి నిశ్శబ్దమౌతుంది, పిల్ల రాత్రి పక్క తడుపుతుంది.

వంశధార (కాశీనగర్)

భాష గురించి ఎవరూ ఎత్తలేదేటండీ! మన సరిహద్దు బళ్లలో అసలు చిక్కు అక్కడే ఉంది. మూడు లిపులు ఒకే ఏడాది మొదలుపెడితే మూడింట్లోనూ పిల్ల బొమ్మలు గీస్తుందే గానీ చదవదు.

నా సలహా ఇది. మొదటి భాష గంటలో ఒకటి, రెండు తరగతుల్ని కలిపేయండి, ఇంటి భాషని బట్టి విడదీయండి. మీ లెక్క ప్రకారం 65 మందిలో తెలుగు గుంపు ముప్ఫై పైచిలుకు, ఒడియా గుంపు ఇరవై పైచిలుకు, సవర పిల్లలు పది మంది చిల్లర. ఇద్దరు టీచర్లు, సవర తెలిసిన ఒక సాయం మనిషి సరిపోతారు. గుంపులో రెండో తరగతివాళ్లు ఒకటోవాళ్లకి చదివి వినిపిస్తారు, అది ఇద్దరికీ మంచిదే. గంటని నాలుగు పావులు చేసుకోండి: మాట్లాడటం, అక్షరం–శబ్దం, చదవడం, రాయడం. చట్రంలోనూ ఈ నాలుగు గళ్ల పద్ధతే ఉంది.

తప్పులు ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే పిల్లని తిట్టరు:

ఒడియా ఠ వట్టి గుండ్రం. తెలుగు వచ్చిన పిల్ల దాన్ని సున్నా అంటుంది. పక్కపక్కన రాసి తేడా చూపించాలి.

క, మ, ళ మూడూ ఒడియాలో రాసి చదవమంటే తెలుగు పిల్ల 'కమళ' అంటుంది, ఒడియాలో అది 'కొమొళొ'. అక్షరం తెలిసినా శబ్దం తప్పుతుంది. లిపి ఎత్తేముందు రెండు నెలలు ఒడియా పాటలే పాడించాలి.

ఒడియా ఇంటి పిల్ల తెలుగు రాస్తే ఎ–ఏ, ఒ–ఓ కలిపేస్తుంది, ఎందుకంటే ఆ పొట్టి–పొడుగు తేడా వాళ్ల భాషలో లేదు. 'కోడి–కొడి', 'ఏడు–ఎడు' అని చప్పట్లతో పలికించండి, పొడుగుకి చెయ్యి సాగదీయాలి.

సవర పిల్ల ఖ, ఘ, భలని క, గ, బ అంటుంది. వాళ్ల భాషలో ఒత్తులు పలకవు. సరిదిద్దుతూ కూర్చుంటే ఆ పిల్ల నోరు విప్పడం మానేస్తుంది. చెవిన పడేకొద్దీ మెల్లగా సర్దుకోనివ్వండి.

సవరకి లిపి జోలికి మీరు వెళ్లకండి. సంఘాల పాటల పుస్తకాలు రోమను లిపిలో, ప్రభుత్వ బహుభాషా బళ్లలో ఒడియా లిపి, దాని పైన సవర కోసమే 1936లో మంగేయి గొమాంగో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి. ఏది ఎంచినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. నోటికథ, పాట, లెక్కల మాటలు సవరలో ఉంటే చాలు. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే సవర నేర్చుకుని ఆ పిల్లలకి వాచకాలు రాశారు. ఆ ఊళ్లో సవర పిల్ల మూగగా కూర్చోవడం బాగుండదు.

నాగావళి (రాయగడ)

లెక్కల్లోనూ ఇదే తిరకాసు వంశధార గారూ. తెలుగులో ఇరవై మూడు: ముందు పదులు, తర్వాత ఒకట్లు. ఒడియాలో 'తేఇశి', మూడు ముందు వినపడుతుంది. ఒడియా ఇంటి పిల్ల 23ని 32గా రాస్తే అది అజాగ్రత్త కాదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టి, కట్టలు ఎడమ చేతి వైపు, విడి పుల్లలు కుడివైపు పెట్టి, 'రెండు కట్టలు, మూడు విడివి' అని ఏ భాషలో అయినా అనిపించాకే అంకె రాయించాలి. పిల్లకి రెండు కట్టలు, తొమ్మిది విడిపుల్లలు చాలు, 34 మందికి దాదాపు వెయ్యి పుల్లలు. నాలుగైదు చీపుళ్లు విప్పితే వచ్చేస్తాయి.

వామనగుంటలు మరచిపోకండి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చిన్నవాళ్లకి గుంటకి అయిదు చింతపిక్కలు చాలు. పంచుతూ పోవడం, ముందే ఊహించడం, ఓడినా కూర్చోవడం, మూడూ అందులో ఉన్నాయి. పలక లేకపోతే గుడ్ల అట్టలు పనికొస్తాయి. నాలుగేళ్ల తమ్ముళ్లు చెల్లెళ్లు వచ్చే గదిలో మాత్రం పిక్కలు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు.

పిల్లల తండ్రి (బరంపురం)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీరంతా ఆట, కథ, మట్టి అంటున్నారు. పక్క బడిలో ఎల్‌కేజీ పిల్ల కర్సివ్ రాస్తోంది. మేం ఫీజు కట్టేది ఇంగ్లీషు కోసం. ఇంటిపని లేకపోతే పిల్ల టీవీ ముందు కూర్చుంటుంది. దీనికేం చెబుతారు?

బలపం (గుణుపురం)

అడగాల్సిన ప్రశ్నే అన్నయ్యా. నాలుగేళ్ల పిల్ల రాత భుజం నుంచి, మోచేతి నుంచి వస్తుంది. వేళ్ల చిన్న కండరాలు ఆరేళ్లకి గానీ పట్టు చిక్కవు. ముందే రాయిస్తే పెన్సిలుని పిడికిలితో పట్టి, గట్టిగా నొక్కి రాస్తుంది. ఆ పట్టు అలవాటైతే మూడో తరగతిలో అర పేజీకే చెయ్యి నొప్పంటుంది, విప్పి మళ్లీ నేర్పడం చాలా కష్టం.

వరస ఇది. మట్టి పిసకడం, పిండి కలపడం, కాయితం చింపి అతికించడం, పూసలు గుచ్చడం, ఇసుకలో వేలితో గీయడం. తర్వాత పొట్టి సుద్దముక్క, రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా. పొట్టి ముక్కని పిడికిలితో పట్టుకోలేరు, మూడు వేళ్లే పనిచేస్తాయి. అందుకని కొత్త సుద్దల్ని విరిచి ఇవ్వండి. తర్వాత పలక మీద బలపం, ఆ పైన లావు పెన్సిలు. అక్షరాలు వర్ణమాల వరసలో కాదు, చేతి కదలికని బట్టి గుంపులుగా: ద–ధ–థ ఒక గుంపు, బ–భ ఒకటి, ప–వ–మ–య ఒకటి. గుంపు దొరగ్గానే దాంతో మాటలు రాయించాలి.

దినచర్యలో ఇంగ్లీషుకి వేసిన మూడు రోజులే కాదు, అది రోజూ కొంచెం చెవిన పడాలి: పాట, చిన్న ఆజ్ఞలు, వస్తువుల పేర్లు. మొదటి భాషలో చదవడం పట్టుబడిన పిల్ల ఇంగ్లీషు అక్షరం త్వరగా పట్టుకుంటుంది, అక్షరానికి శబ్దం ఉంటుందన్న కిటుకు ఒక్కసారి తెలిస్తే చాలు.

టీవీకి మందు ఇంటిపని కాదు. బియ్యంలో రాళ్లు ఏరడం, గిన్నెలు లెక్కపెట్టి సర్దడం, నాయనమ్మ దగ్గర ఒక పొడుపు కథ నేర్చుకుని మర్నాడు చెప్పడం, ఇలాంటివి రోజుకొకటి చెప్పి పంపించవచ్చు.

బరంపురం బాబాయి (బరంపురం)

తండ్రులకి ఒక కొలత కూడా చెప్పాలి, లేకపోతే నమ్మరు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు పట్టుబడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, అర్థం తెలుసుకుంటూ చదవాలంది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు అంటుకుని మాట పొడుగవుతుంది. 'బడిలోనుంచి' ఒక్క మాటే కదా. అంచేత తెలుగులో 45 దగ్గరున్న పిల్లని వెనకబడిందని రాసేయకండి. గడియారం పట్టుకుని ఏడాదికి మూడుసార్లు చూస్తే చాలు, ప్రతి వారం పరుగు పందెం వద్దు.

కొలాబ్ (జయపురం)

ఆరోగ్య కార్యకర్తల వైపు నుంచి కొన్ని మాటలు. 'ఒళ్లు' అంటే మీరంతా ఆట దగ్గరే ఆగిపోయారు.

నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10, ఆగస్టు 10న. ప్రైవేటు బళ్లూ అందులో ఉన్నాయి, ఆరోగ్య కేంద్రానికి ముందే పిల్లల లెక్క ఇచ్చి తెప్పించుకోవాలి. ఈ వయసుకి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నమలాలి, మింగించకూడదు. జ్వరంగా ఉన్న పిల్లకి ఆ రోజు వద్దు. అయిదు నుంచి పదేళ్ల వాళ్లకి వారానికొక గులాబీ రంగు ఇనుము మాత్ర, 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. అన్నం తిన్నాకే ఇవ్వాలి. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటారు, ఆ వారంతో తల్లిదండ్రులు వద్దంటారు.

కొరాపుట్, రాయగడ, గజపతి వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టు జబ్బు) గుర్తుంచుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమంలో నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్ష ఉంది. కళ్లు పచ్చగా ఉండటం, కీళ్ల నొప్పులు, త్వరగా అలసిపోవడం కనిపిస్తే 'బద్ధకం' అనకుండా పంపించండి. ఉన్నట్టు తేలిన పిల్ల ఎప్పుడు అడిగినా నీళ్లు తాగనివ్వాలి, బయటికి వెళ్లనివ్వాలి, ఎండలో నిలబెట్టకూడదు, చలి రోజుల్లో తడవనివ్వకూడదు. ఇనుము మాత్ర డాక్టరు చెప్తేనే. మీ పాతిక నిమిషాల మైదానం ప్రార్థన ఇలాంటి పిల్లకి అసలు పడదు.

శ్రమ దినాల్లో (ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజులు) పిల్లల చేత ఉపవాసం చేయించే బళ్లున్నాయి. ఈ వయసుకి వద్దే వద్దు. ఒక మిఠాయి మానుకుని ఆ డబ్బు పెట్టెలో వేయించండి చాలు. మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వ లెక్క ప్రాథమిక పిల్లకి 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. అంటే 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరలు, 5 గ్రాముల నూనె. మీకు ఆ పథకం రాదు గానీ, డబ్బాల్లో ఏం వస్తోందో పోల్చడానికి కొలత ఉంది. వట్టి పఖాళం (నీళ్లు పోసిన చద్దన్నం), పచ్చిమిర్చి తెచ్చిన పిల్లకి సంఘం తరఫున ఒక గుడ్డు పెట్టొచ్చు, అందరి ముందూ పేరు పిలవకుండా.

తెల్లసుద్ద (పర్లాకిమిడి)

చాలా ఉపయోగంగా ఉంది. రెండు ప్రశ్నలు మిగిలాయి. దెబ్బలాటలకి ఏం చేయాలి? 'సారీ చెప్పు, క్షమించానని చెప్పు' అని మా దగ్గర రివాజు. రెండోది, మార్కులు తీసేస్తే కమిటీకి ఏం చూపించాలి?

నాగావళి (రాయగడ)

బలవంతపు సారీ రెండు సెకన్ల పని, పళ్లు కొరుకుతూ చెప్తారు. ముందు విడదీసి ఇద్దరికీ నీళ్లు. రొప్పు తగ్గేదాకా ప్రశ్న వద్దు. తర్వాత ఒకడు చెబుతుంటే రెండోవాడు వినాలి, చేతిలో ఒక రాయి పట్టుకున్నవాడిదే మాట. 'ఎవరు మొదలుపెట్టారు' అనకండి, 'ఏం జరిగింది, ఎక్కడ నొప్పి' అనండి. చివర 'ఇప్పుడు ఏం చేస్తే బాగవుతుంది' అంటే వాళ్లే చెప్తారు: విరిగిన క్రేయాన్‌కి బదులు, పడిపోయిన గోపురం మళ్లీ కట్టడం. క్షమించడం ఆ పిల్ల ఇష్టం, ఆ రోజే కానక్కర్లేదు. తరగతి అంతటి ముందూ ఈ పంచాయితీ పెట్టకండి.

బలపం (గుణుపురం)

రెండోదానికి ఒక నోటుపుస్తకం. రోజుకి ఏడుగురు పిల్లలు, అయిదు రోజులకి 35, మీ 34 మందీ వారంలో ఒకసారి వస్తారు. ఒక్కొక్కరికి రెండే వాక్యాలు, చూసింది మాత్రమే. 'మంచి పిల్ల, భక్తి ఉంది' అని రాస్తే కమిటీ సంతోషిస్తుంది గానీ అందులో సమాచారం లేదు. 'ఒంటికాలి మీద అయిదు గెంతులు వేసింది. కథలో గొర్రె కాపరి ఎందుకు వెనక్కి వెళ్లాడో సవరలో చెప్పింది, తెలుగులో చెప్పలేదు', ఇది పనికొస్తుంది. మూడు నెలలకోసారి ఈ వాక్యాలు తిరగేసి, పిల్లకి ఒక పేజీ తల్లిదండ్రులకి చదివి వినిపించాలి. ఎవరి గురించైతే రాయడానికి ఏమీ తోచడం లేదో, మీరు చూడకుండా వదిలేస్తున్న పిల్ల వాడే.

పాస్టరమ్మ గారి అబ్బాయి (ఛత్రపురం)

ఒక గండం ఎవరూ చెప్పలేదు, క్రిస్మస్ ప్రోగ్రాం. నవంబరు మధ్యలో రిహార్సల్ మొదలైతే ఈ దినచర్య మొత్తం కొట్టుకుపోతుంది. పాట బాగా పాడే ఎనిమిది మందికి వేషాలు, మిగతావాళ్లు వెనక బెంచీల మీద గంటలకొద్దీ కూర్చుంటారు. చేతిపని వేళలోనే రోజుకి ఇరవై నిమిషాలు, మూడు వారాలు చాలు. వాళ్లకి వచ్చిన పాటలే, వారంవారం ఆడిన కథే వేదిక ఎక్కించండి. గొర్రెలు ఎందరైనా ఉండొచ్చు కదా.

నాగావళి (రాయగడ)

మా సరస్వతీ పూజ, గణేశ పూజల దగ్గరా అదే గోల తమ్ముడూ. మీరన్న మూడు వారాల హద్దు మేమూ వాడుకుంటాం.

తెల్లసుద్ద (పర్లాకిమిడి)

కమిటీకి నాలుగు అడుగుతున్నాను: గదిలో ప్రార్థన, పరీక్ష రద్దు, సమ్మతి పేరా, సవర తెలిసిన సాయం మనిషి. చివరిదానికి జీతం లేదంటారని అనుమానం.

వంశధార (కాశీనగర్)

పూర్తి జీతం అడక్కండి టీచర్ గారూ. భాష గంటకి, మధ్యాహ్నం కథకి, రోజుకి గంటన్నర మనిషి చాలు. సంఘంలో సవర పాటలు నడిపించే అమ్మలు ఉంటారు, వాళ్లలో ఒకర్ని అడగండి. గౌరవ వేతనం అని రాస్తే పద్దులో ఇబ్బంది ఉండదు. బైబిలు పరీక్షకి ప్రశ్నపత్రాల అచ్చు ఖర్చు, బహుమతుల ఖర్చు మిగులుతుంది కదా, ముందు దాన్ని ఇటు మళ్లించమనండి.

బరంపురం బాబాయి (బరంపురం)

ఆ అమ్మకి పోలీసు ధ్రువీకరణ పత్రం, ఆధార్ నకలు ఫైల్లో పెట్టుకోండి. మొదటి నెల ఎప్పుడూ ఒక టీచరు గదిలో ఉండాలి. సమ్మతి పేరా ముసాయిదా రాశాక ఇక్కడ పెట్టమ్మా, ఒడియా పాఠం నేను చూసిపెడతాను.

తెల్లసుద్ద (పర్లాకిమిడి)

తప్పకుండా బాబాయి గారూ. తెలుగు పాఠం శనివారానికి పెడతాను.